ఓడిపోగల స్తోమత

టోక్యోలో నగతాచో అనే పేట పేరెత్తితే చాలు, జపనీయులకు రాజకీయాలు గుర్తొస్తాయి. 1936లో కట్టడం పూర్తయిన పార్లమెంటు భవనం అక్కడే ఉంది. దిగువసభ రద్దయ్యే రోజున ఆ భవనంలో విచిత్రమైన తంతు ఒకటి నడుస్తుంది. ఊదారంగు పట్టుగుడ్డలో చుట్టిన చక్రవర్తి పత్రం సభలోకి వస్తుంది. స్పీకరు లేచి అందులోని నాలుగు మాటలు చదువుతారు. చదవడం ముగియగానే సభ్యులు రెండు చేతులూ పైకెత్తి ‘బాంజాయ్’ అని కేకలు పెడతారు. సరిగ్గా ఆ క్షణంలోనే 465 మంది పదవులు ఊడిపోతాయి. ఊడినందుకు జేజేలు! యుద్ధానికి కదిలే సేన పెట్టే కేక లాంటిదని కొందరు చెబుతారు. నాకైతే ఏడవలేక నవ్వడంలాగే కనిపిస్తుంది.

ఆ సభ గడువు నాలుగేళ్లు. 1947లో కొత్త రాజ్యాంగం వచ్చాక ఆ నాలుగేళ్లూ నిండుగా గడిచింది ఒక్కసారే, 1976లో. మిగిలిన ప్రతిసారీ గడువు నిండకముందే సభ రద్దయింది, ఎక్కువగా ఆనాటి ప్రధాని తనకు అనువైన అదను చూసుకుని చేసిన రద్దు. సగటున మూడేళ్లు నిండకుండానే ఎన్నికలు వచ్చిపడతాయి. ఇంటివాడు ఎప్పుడు ఖాళీ చేయమంటాడో తెలియని అద్దెకాపురం లాంటిది దిగువసభ సభ్యుడి బతుకు. జపనీస్‌లో ఎన్నికలో ఓడడాన్ని ‘పడడం’ అంటారు. చెట్టుమీంచి పడ్డా కోతి కోతిగానే ఉంటుంది, ఎన్నికలో పడ్డ ఎంపీ మాత్రం మామూలు మనిషైపోతాడు అనే చమత్కారం పాతతరం నాయకుడు ఓనో బాన్బోకు పేరుమీద ఇప్పటికీ చెలామణిలో ఉంది.

జపాన్ ఎంపీల జీవితాల గురించి రాసేవాళ్లు మామూలుగా గెలుపుల లెక్కతో మొదలుపెడతారు. ఎన్నిసార్లు గెలిచారు, ఎన్నోసారి గెలిచాక మంత్రయ్యారు, పార్టీలోని ఏ ముఠాలో ఉన్నారు అని చూసుకుంటూ పోతారు. ఆ లెక్క తప్పు కాదు. కానీ ఈ వృత్తిలో ఎవరు అడుగుపెట్టగలరో, ఎవరు చివరిదాకా నిలవగలరో తెలియాలంటే ఓటమి వైపునుంచి చూడాలని నా ఉద్దేశం. పడిన మనిషి మళ్లీ లేచేదాకా ఏం తిని బతికారు? ఆఫీసు అద్దె ఎవరు కట్టారు? ఊళ్లో జనం ఆయన్ని ‘సెన్సెయ్’ (గురువుగారు) అని పిలవడం మానేశారా, మానలేదా? ఈ ప్రశ్నలకు దొరికే జవాబులే అక్కడి ప్రజాస్వామ్యం తీరును ఎక్కువగా పట్టిస్తాయి.

గెలుపుకు మూడు ‘బాన్’లు కావాలని అక్కడి రాజకీయుల నానుడి. జిబాన్ అంటే కాలికింద నేల, అంటే నియోజకవర్గంలో పాతుకున్న పట్టు. కాన్‌బాన్ అంటే గుమ్మంమీది బోర్డు, అంటే పేరు. కబాన్ అంటే సంచి. అందులో ఏముండాలో వేరే చెప్పక్కర్లేదు. ఈ మూడింటినీ ఒకచోట కట్టి ఉంచే సంస్థ ‘కోఎన్‌కాయ్’. అంటే ఒక నాయకుడికి సొంతంగా ఉండే మద్దతుదారుల సంఘం. పార్టీ శాఖ వేరు, ఇది వేరు. పార్టీ మారినా సంఘం మనిషి వెంటే వస్తుంది. గుడి ఉత్సవాలు, వేడినీటి ఊటల యాత్రలు, మహిళా విభాగం, యువజన విభాగం, కుర్రాళ్లకు ఉద్యోగ సిఫారసులు, చావుకు పరామర్శ, అన్నీ దాని చేతిమీదుగానే నడుస్తాయి.

దీన్ని దగ్గరుండి చూసి రాసినవాడు జెరాల్డ్ కర్టిస్ అనే అమెరికన్ పరిశోధక విద్యార్థి. 1967 ఎన్నికలకు ముందు ఆయన క్యూషూ దీవిలోని బెప్పు ఊరికి వెళ్లి, సాతో బున్‌సెయ్ అనే అభ్యర్థి వెంట తిరిగాడు. బున్‌సెయ్ అంతకుముందు 1963లో ఓడిపోయారు. కర్టిస్ చూసింది ఓడిన మనిషి మళ్లీ లేవడానికి పడే పాట్లు. 1971లో వచ్చిన ఆయన పుస్తకం ఇప్పటికీ ఈ విషయంలో తొలిపాఠం. సిద్ధాంతాల జోలికి పోకుండా ఏ ఊరి పెద్ద ఎవరి మాట వింటాడు, ఎవరిని ఎవరి ద్వారా పలకరించాలి అన్న సంగతులు వివరిస్తుంది. మన జిల్లా రాజకీయాలు తెలిసినవారెవరికీ అది పరాయి పుస్తకం అనిపించదు. బున్‌సెయ్ ఆ ఎన్నికలో గెలిచారు, 1980లలో మంత్రి కూడా అయ్యారు.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ తనకా కకుయెయ్. ఈయన దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఆయన తర్వాత వచ్చిన ప్రతి ఎంపీ ఆయన్ని అనుకరించాడు, లేదా తిట్టుకున్నాడు. 1918లో నీగాతా రాష్ట్రంలో పుట్టారు. చలికాలం నిలువెత్తు మంచు కురిసే ప్రాంతం అది. పై చదువు లేదు. కట్టడాల కాంట్రాక్టుల్లో డబ్బు సంపాదించి 1946లో ఎన్నికలకు నిలబడి ఓడిపోయారు. 1947లో గెలిచారు. 1948 చివర్లో బొగ్గుగనుల లంచం కేసులో అరెస్టయ్యి, కొన్ని వారాల్లోనే జరిగిన ఎన్నికలో మళ్లీ గెలిచారు. ఆ కేసులో తర్వాత పై కోర్టు ఆయన్ని నిర్దోషిగా వదిలేసింది. 39 ఏళ్లకు మంత్రి, 1972లో ప్రధాని. ఆయన సంఘం పేరు ఎత్సుజాన్‌కాయ్. మంచి రోజుల్లో దానికి 90 వేలకు పైగా సభ్యులు ఉన్నారని చెప్పేవారు. టోక్యో మెజిరోలోని ఆయన ఇంటి ముందు పొద్దున్నే అర్జీదారులు బారులు తీరేవారు. ఒక్కొక్కరికి దక్కేది కొద్ది నిమిషాలే. అవుతుందా కాదా ఆయన అక్కడికక్కడే తేల్చేసేవారు. మంచులో చిక్కుకుపోయే ఊళ్లకు సొరంగాలు, రోడ్లు, చివరికి 1982లో షింకన్‌సెన్ రైలు వచ్చాయి.

తనకాను లంచగొండిగానే గుర్తుపెట్టుకోవడం సగం నిజమే అవుతుంది. జపాన్ పార్లమెంటులో చట్టాలు దాదాపుగా మంత్రిత్వశాఖల అధికారులే రాస్తారు. సభ్యుడు సొంతంగా బిల్లు పెట్టాలంటే దిగువసభలో 20 మంది తోడు కావాలి, ఖర్చుతో ముడిపడితే 50 మంది. అలాంటిచోట తనకా చొరవతో సభ్యుల బిల్లులుగా వచ్చి చట్టాలైనవి 33 అని లెక్క. పెట్రోలు పన్నును రోడ్లకే ఖర్చుపెట్టాలన్న 1953 చట్టం అందులో ఒకటి. నీగాతా రోడ్లకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఆయన చట్టంలోనే రాసుకున్నారన్నమాట.

1976లో లాక్‌హీడ్ విమానాల ముడుపుల కేసులో అరెస్టయ్యారు. 1983 అక్టోబరులో కోర్టు నాలుగేళ్ల జైలుశిక్ష వేసింది. రెండు నెలల తర్వాత ఎన్నికలు వచ్చాయి. సొంత జిల్లా ఓటర్లు ఆయనకు 2,20,761 ఓట్లు వేశారు. 1985లో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అయినా 1986లో ప్రచారానికి రాకుండానే గెలిచారు. టోక్యో పత్రికలు నీగాతా రైతుల మీద విరుచుకుపడ్డాయి. ఆ రైతుల వైపునుంచి చూస్తే సొరంగం సొరంగమే కదా. దాని గుండా పోయే అంబులెన్సు డ్రైవరు తీర్పు ప్రతులు చదువుకుంటూ కూర్చోడు. ఇలాంటి పునాది ఉన్న మనిషికి ఓటమి భయం ఉండదు. తనకా బలమంతా అందులోనే ఉంది, ఆయన వల్ల జరిగిన చెడు కూడా అక్కడినుంచే పుట్టింది.

ఇక వారసులు. లిబరల్ డెమోక్రటిక్ పార్టీ (1955లో పుట్టింది, అప్పటినుంచి కొన్నేళ్లు మినహా అధికారం దానిదే) దిగువసభ సభ్యుల్లో దాదాపు మూడోవంతు తండ్రో తాతో మామో వదిలిన నియోజకవర్గం అందుకున్నవారే. కొయిజుమి ఇంట్లో నాలుగు తరాలు. మన దగ్గర కూడా ఇదేగా అని పాఠకులు నవ్వుకోవచ్చు. పోలిక నిజమే కానీ యంత్రాంగం వేరు. మన నాయకుడి కొడుకు పార్టీని వారసత్వంగా తీసుకుంటాడు. జపాన్ నాయకుడి కొడుకు కోఎన్‌కాయ్‌ను తీసుకుంటాడు. తండ్రి పోగానే సంఘం పెద్దలు కూర్చుని, తమ ఊరి కాలువ పనులు ఆగిపోకుండా ఉండాలంటే ఎవరిని నిలబెట్టాలో ఆలోచిస్తారు. కొడుక్కి ఇష్టం లేకపోయినా లాక్కొస్తారు. తండ్రి రాజకీయ నిధుల సంస్థలో మిగిలిన డబ్బు కొడుకు సంస్థకు మారితే దానిమీద వారసత్వపు పన్ను పడదు. నేల, బోర్డు, సంచి మూడూ ఒకే సంతకంతో చేతులు మారతాయి.

అయితే వారసత్వం వల్ల ఒరిగేది గెలుపు ఒక్కటే అనుకుంటే అసలు సంగతి జారిపోతుంది. కొయిజుమి జునిచిరో తండ్రి 1969లో పోయారు. లండన్‌లో చదువుకుంటున్న కొడుకు తిరిగొచ్చి ఆ డిసెంబరులో నిలబడి ఓడిపోయారు. తర్వాత మూడేళ్లు పార్టీ పెద్ద ఫుకుదా తకెయో దగ్గర కార్యదర్శిగా పనిచేశారు, 1972లో గెలిచారు, 2001లో ప్రధాని అయ్యారు. ఆబే షింతారో 1963లో ఓడిపోయి 1967లో తిరిగొచ్చారు. ఆసో తారో 1983లో పడి 1986లో లేచారు, 2008లో ప్రధాని అయ్యారు. ముగ్గురికీ ఓటమి ఒక విరామంలాంటిది. సంఘం చెక్కుచెదరలేదు, పూట గడవడానికి ఇబ్బంది లేదు, వచ్చేసారి టికెట్టు ఎవరికన్న సందేహమూ లేదు. ఓడిపోగల స్తోమత అని నేనంటున్నది దీన్నే.

అదే ఒక బడిపంతులో, కంపెనీ ఉద్యోగినో అయితే? ప్రభుత్వోద్యోగి నామినేషన్ వేసిన రోజే ఉద్యోగం పోతుంది. ఒక్క నియోజకవర్గంలో నిలబడడానికి డిపాజిట్టు 30 లక్షల యెన్‌లు, మన డబ్బులో సుమారు 17 లక్షల రూపాయలు. మన లోక్‌సభకు జనరల్ అభ్యర్థి కట్టేది 25 వేలు. జపాన్‌లో చెల్లిన ఓట్లలో పదోవంతు రాకపోతే ఆ డిపాజిట్టు ప్రభుత్వానికే. అధికారిక ప్రచారం 12 రోజులే. ఇంటింటికీ వెళ్లి ఓటడగడం 1925నుంచీ నేరం. అందుకే అభ్యర్థులు లౌడ్‌స్పీకరు వ్యానెక్కి, తెల్ల చేతితొడుగులు వేసుకుని, పొద్దస్తమానం తమ పేరే జపం చేస్తుంటారు. ఓటరు బ్యాలెట్టు మీద అభ్యర్థి పేరు పెన్సిలుతో తానే రాయాలి. పేరు తప్పు రాస్తే కష్టం కనుక చాలామంది తమ పేరును చిన్నపిల్లలు కూడా రాయగల హిరగానా అక్షరాల్లోకి మార్చుకుని పోస్టర్ వేసుకుంటారు. ఇన్ని ఆంక్షలున్న చోట కొత్తవాడికి పేరు తెచ్చుకునే దారేది? ప్రచారం 12 రోజులే అన్న నియమం ఊరందరికీ ముందే తెలిసిన మనిషికి కలిసొస్తుంది.

గెలిచాక హోదా బాగానే ఉంటుంది. నెలకు 12,94,000 యెన్‌ల జీతం, పైన బోనసులు, భత్యాలు, ప్రభుత్వ ఖర్చుతో ముగ్గురు కార్యదర్శులు, కోటుమీద చామంతి గుర్తు బిళ్ల. పడిన రోజున ఇవన్నీ పోతాయి, ఆ ముగ్గురు కార్యదర్శుల ఉద్యోగాలతో సహా. పదేళ్లు పనిచేసిన సభ్యులకు ఒకప్పుడు ప్రత్యేక పింఛను ఉండేది. జనం గొడవపెడితే 2006లో దాన్ని రద్దు చేశారు. ప్రజలు చప్పట్లు కొట్టారు. నా అభిప్రాయం అడిగితే, ఆ చప్పట్ల ఖరీదు ఆస్తి లేని సభ్యులే చెల్లించారు. వారసులకు ఆ పింఛను ఎప్పుడూ అవసరం పడలేదు.

గెలిచినవారు వారంలో సగం సొంతూళ్లోనే ఉంటారు. శుక్రవారం వెళ్లి మంగళవారం రావడం అనే అర్థంలో ‘కిన్‌కి కారాయ్’ అని దీనికో మాటే ఉంది. ఊళ్లో ఉత్సవాలకు, పెళ్లిళ్లకు, చావులకు తప్పక కనిపించాలి. కానీ ఓటర్లకు ఏమీ ఇవ్వకూడదు. 2014లో న్యాయశాఖ మంత్రి మత్సుషిమా మిదోరి నియోజకవర్గంలో కాగితపు విసనకర్రలు పంచారన్న గొడవలో రాజీనామా చేశారు. అవి విసనకర్రలు కావు, విసనకర్ర ఆకారంలో ఉన్న కరపత్రాలని ఆమె వాదించారు. 2019లో వాణిజ్య మంత్రి సుగవారా ఇష్షూ పదవి ఖర్బూజాలు, పీతలు, పరామర్శ సొమ్ము పంచిన గొడవలో పోయింది. ఒక వంక చావింటికి రావాల్సిందేనని జనం పట్టుపడతారు, మరో వంక కవరు పంపితే చట్టం ఊరుకోదు. ఈ ఇరకాటంలో నలగని ఎంపీ లేడు.

పాత పద్ధతిలో ఒక్కో జిల్లాకు ముగ్గురు నుంచి అయిదుగురు గెలిచేవారు. ఒకే పార్టీవాళ్లు ఒకరిమీద ఒకరు పోటీపడేవారు, అందుకని ఒక్కొక్కరూ ఒక్కో ముఠాను పట్టుకుని డబ్బు తెచ్చుకునేవారు. 1988లో రిక్రూట్ కంపెనీ షేర్ల కుంభకోణం, 1993లో పాలకపక్ష పెద్ద కనెమారు షిన్ ఇంట బయటపడ్డ బంగారు కడ్డీలు ఆ వ్యవస్థ పరువు తీశాయి. 1994లో చట్టం మార్చారు. ఇప్పుడు 289 స్థానాల్లో ఒక్కరే గెలుస్తారు, మిగతా 176 స్థానాలు 11 ప్రాంతాల పార్టీ జాబితాలనుంచి వస్తాయి. తలకు 250 యెన్‌ల చొప్పున ప్రభుత్వమే పార్టీలకు నిధులిస్తుంది. కమ్యూనిస్టులు మాత్రం ఆ డబ్బు ముట్టుకోరు.

ఈ మార్పులో ఓటమి బీమా ఒకటి చేరింది. అభ్యర్థి నియోజకవర్గంలోనూ, పార్టీ జాబితాలోనూ ఒకేసారి ఉండవచ్చు. నియోజకవర్గంలో పడినా, గెలిచినవారి ఓట్లతో పోలిస్తే ఎంత శాతం వచ్చిందో చూసి, దగ్గరగా ఓడినవారిని జాబితా ద్వారా పైకి లేపుతారు. చనిపోయి బతికి వచ్చిన శవం అని వెక్కిరిస్తూ వీళ్లను ‘జోంబీ’ ఎంపీలంటారు. వెక్కిరింత సరే, ఆ బీమా లేనివాడి గతి ఏమిటో నోదా యోషిహికో అనుభవం చూడండి. 1996లో ఆయన కేవలం 105 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆయన పార్టీ జాబితాలో ఆయన పేరు లేదు. దాంతో 2000 దాకా పదవి లేకుండా గడిపారు. తండ్రి సైనికోద్యోగి, ఇంట్లో రాజకీయ వారసత్వం లేదు. మత్సుషిత కొనోసుకె 1979లో పెట్టిన నాయకత్వ శిక్షణాలయంలో మొదటి బ్యాచి విద్యార్థి. 1986నుంచి పొద్దున్నే చిబా రాష్ట్రంలోని రైల్వే స్టేషన్ల ముందు నిలబడి కరపత్రాలు పంచుతూ మాట్లాడడం ఆయన అలవాటు. పదవి ఉన్నా లేకున్నా మానలేదు. 2011లో ప్రధాని అయ్యారు. నేలా బోర్డూ సంచీ లేని మనిషికి మిగిలేది స్టేషన్ మెట్లే.

కగవా రాష్ట్రం ఒకటో నియోజకవర్గం ఈ బీమాకున్న రెండో ముఖాన్ని చూపిస్తుంది. ఒగావా జున్యా తల్లిదండ్రులు తకమత్సులో జుట్టు సింగారించే దుకాణం నడిపేవారు. కొడుకు ప్రభుత్వాధికారి అయ్యారు, 2003లో ఉద్యోగం వదిలి నిలబడి ఓడిపోయారు. ఆయనకు ఎదురు నిలిచినవారు హిరాయి తకుయా, మూడో తరం రాజకీయ నాయకుడు. ప్రాంతీయ దినపత్రిక, ప్రసార సంస్థ ఆ కుటుంబానివే. ఒగావా 2009లో నేరుగా గెలిచారు కానీ మిగతా ఎన్నికల్లో చాలాసార్లు జాబితా ద్వారానే లేచారు. అలా లేచినవారి మాటకు పార్టీలో విలువ తక్కువ. సొంత స్థానం గెలవలేనివాడు మాకు చెప్పొచ్చాడా అంటారు. ఒషిమా అరతా అనే దర్శకుడు 17 ఏళ్లపాటు ఒగావాను చిత్రిస్తూ 2020లో విడుదల చేసిన డాక్యుమెంటరీ పేరు ‘నువ్వెందుకు ప్రధానివి కాలేవు’ అన్న అర్థంలో ఉంటుంది. ఆ సినిమా పుణ్యమా అని కొంత, 2021లో ఒగావా హిరాయిని నేరుగా ఓడించారు. అయితే ఓడిన హిరాయి సభనుంచి బయటికి పోయారా? లేదు. జాబితా ఆయన్నీ లేపింది. పేదవాడికి ఊతకర్రలా ఉంటుందనుకున్న బీమా ధనవంతుడికీ అంతే కమ్మగా అక్కరకొచ్చింది.

ఈ ఊతకర్ర ఎవరి చేతిలో ఉందో 2024 అక్టోబరులో బాగా తెలిసొచ్చింది. పాలకపక్షంలోని ముఠాలు ఒక్కొక్కటి 20,000 యెన్‌ల చొప్పున విందు టికెట్లు అమ్మి నిధులు కూడగట్టేవి. ఎన్నిసార్లు గెలిచారు, ఏ పదవిలో ఉన్నారు అన్నదాన్ని బట్టి ప్రతి సభ్యుడికీ కోటా. కోటా దాటి అమ్మిన సొమ్ము లెక్కల్లో రాయకుండా సభ్యుడికే తిరిగొచ్చేది. 2023 చివర్లో ఇది బయటపడింది. ప్రధాని కిషిదా తన ముఠాను రద్దు చేస్తున్నానన్నారు, మిగతావీ చాలామటుకు రద్దయ్యాయి. తర్వాత వచ్చిన ఇషిబా షిగెరు ఎన్నికలకు వెళుతూ, ఆ వ్యవహారంలో ఉన్న కొందరికి టికెట్టే ఇవ్వలేదు. మిగతావారికి టికెట్టిచ్చి జాబితాలో చోటివ్వలేదు. పడితే పడిపోవడమే. వారిలో చాలామంది పడ్డారు, పాలక కూటమి మెజారిటీ కోల్పోయింది. ఆ ఇషిబాయే 2025 మార్చిలో మొదటిసారి గెలిచిన 15 మందికి తలా లక్ష యెన్‌ల విలువైన బహుమతి కూపన్లు పంపి అభాసుపాలయ్యారు. గెలవడానికి పడ్డ శ్రమకు, ఇంటివాళ్లకు కృతజ్ఞతగా ఇచ్చానన్నారు. వాళ్లు తిరిగి ఇచ్చేశారు.

మెట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో పెద్ద రహస్యమేమీ లేదు. పాలకపక్షంలో రెండు మూడుసార్లు గెలిస్తే శాఖలో చిన్న పదవి, తర్వాత పార్టీ విధాన విభాగంలో అధిపతి, సభా కమిటీ చైర్మన్, అయిదారుసార్లు గెలిచాక మంత్రి. మంత్రి కాగల వయసొచ్చినవారికి ‘నిరీక్షణ దళం’ అనే పేరుంది. మంత్రివర్గం మారినప్పుడల్లా పాత సరుకు వదిలించుకుంటున్నారా అని పత్రికలు ఎగతాళి చేస్తాయి. ఈ లెక్కలో గెలుపులకు మధ్య విరామం వస్తే చాలు, తోటివారు ముందుకు పోతారు. తొందరగా మొదలుపెట్టినవాడిదే లాభం. ఒజావా ఇచిరో తండ్రి పోయాక 27 ఏళ్లకు గెలిచారు, 47 ఏళ్లకు పార్టీ ప్రధాన కార్యదర్శి. ఆ తర్వాత అరడజనుకు పైగా పార్టీలు మారినా ఇవాతె రాష్ట్ర ఓటర్లు ఆయన్ని 2021 దాకా నియోజకవర్గంలో ఓడనివ్వలేదు. మన ఫిరాయింపుల చట్టం లాంటిది అక్కడ ఆయన్ని ఆపలేదు.

మహిళలకు ఈ లెక్క ఇంకా కఠినం. ఓటుహక్కు వచ్చాక జరిగిన మొదటి ఎన్నికలో, 1946లో, 39 మంది స్త్రీలు గెలిచారు. ఆ సంఖ్యను దాటడానికి 2005 దాకా పట్టింది. 2024లో 465 మందిలో 73 మంది, అదే రికార్డు. ఇరవైల్లోనో ముప్పైల్లోనో మొదలుపెట్టి, వారంలో సగం ఊళ్లో సాయంత్రపు విందుల్లో గడిపి, ఒకసారి ఓడి, మళ్లీ నాలుగేళ్లు జీతం లేకుండా తిరగాలంటే ఇంట్లో ఇంకొకరు వండిపెట్టాలి, పిల్లల్ని చూడాలి. మగ ఎంపీలకు ఆ ఇంకొకరు భార్య. ఆవిడ పిల్లల్ని చూడడంతో ఆగదు, నియోజకవర్గంలో భర్త బదులు తలవంచి దండాలు పెడుతుంది. ఎంపీ భార్య అన్నది జపాన్‌లో జీతం లేని పూర్తికాలపు ఉద్యోగం.

అయినా ఓటములు తట్టుకుని నిలిచిన బయటివాళ్లు లేకపోలేదు. కాన్ నావోతో మూడుసార్లు వరసగా ఓడి, 1980లో నాలుగో ప్రయత్నంలో గెలిచారు. 2010లో ప్రధాని. ఆయన పేటెంట్ వ్యవహారాల్లో లైసెన్సున్న వృత్తినిపుణుడు, ఓడినప్పుడల్లా వెళ్లడానికి ఆఫీసుంది. తకాయిచి సనాయే తండ్రి కంపెనీ ఉద్యోగి, తల్లి పోలీసు. ఆమె 1992లో ఎగువసభకు పోటీచేసి ఓడారు, 1993లో దిగువసభకు గెలిచారు, 2003లో మళ్లీ పడ్డారు. ఆ రెండేళ్లూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 2005లో తిరిగొచ్చారు. పార్టీ అధ్యక్ష పదవికి రెండుసార్లు ఓడి మూడోసారి గెలిచి 2025 అక్టోబరులో తొలి మహిళా ప్రధాని అయ్యారు. ఆమె విధానాలు నచ్చనివారు కూడా ఈ క్రమాన్ని గమనించాలి. లైసెన్సో, ప్రొఫెసరు కొలువో, ఏదో ఒక గూడు ఉన్నవారే పడి లేచారు. గూడు లేనివారి పేర్లు మనకు తెలియవు.

ఇచికావా ఫుసాయేది వేరే దారి. స్త్రీల ఓటుహక్కుకోసం పోరాడిన ఈమె 1953లో ఎగువసభకు వచ్చారు. విరాళాలు, వ్యానులు, విందులు లేకుండా స్వచ్ఛంద కార్యకర్తలతోనే ఎన్నిక నడపాలని ఆమె పట్టు. 1971లో టోక్యోలో ఓడిపోయారు. 78 ఏళ్ల మనిషి, ఇక ఇంట్లో కూర్చుంటారనుకున్నారు. 1974లో కుర్రాళ్లు బలవంతంగా లాక్కొచ్చి దేశవ్యాప్త స్థానంలో నిలబెట్టారు. ఆ కుర్రాళ్లలో కాన్ నావోతో ఒకరు. 1980లో, 87 ఏళ్ల వయసులో, 27 లక్షల 80 వేల ఓట్లతో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచారు. ఆరేళ్ల గడువు, రద్దు భయం లేకపోవడం ఎగువసభకున్న సుఖాలు. నర్సులు, వైద్యులు, రైతు సహకార సంఘాలు తమ ప్రతినిధుల్ని అక్కడికే పంపుతాయి. కుస్తీవీరుడు ఆంతోనియో ఇనోకి కూడా అక్కడికే వెళ్లారు. కానీ అక్కడ కూర్చుని ప్రధాని అయినవారు ఇంతవరకు లేరు. ఆ ఆశ ఉన్నవారు గోడ దూకి దిగువసభకు రావాల్సిందే.

పార్టీ గాలిలో ఎగిరొచ్చినవారి కథ తొందరగా ముగుస్తుంది. 2005లో కొయిజుమి గాలికి 83 మంది కొత్తవాళ్లు గెలిచారు. 2009లో వారిలో మళ్లీ గెలిచింది పది మందే. ఆ ఏడాది 308 స్థానాలు గెలిచిన డెమోక్రటిక్ పార్టీ 2012లో 57కి పడింది. వీళ్లకు కోఎన్‌కాయ్‌లు కట్టుకునే తీరిక దొరకలేదు. ఇప్పుడు ముఠాలు చాలామటుకు పోయాయి, సంఘాలు ముసలివాళ్లతో నిండి చిక్కిపోతున్నాయి, టికెట్టు, జాబితా, నిధి మూడూ పార్టీ కార్యాలయం చేతిలోకి వెళ్లాయి. వారసత్వం, ఊరి పట్టు పోతే మంచిదేగా అని సంస్కరణవాదులు అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. సైతో తకావో గురించి చదివాక అంత ధీమాగా అనలేకపోతున్నాను.

సైతో హ్యోగో రాష్ట్రంలోని తజిమా కొండప్రాంతం మనిషి, లాయరు, 1912నుంచి దిగువసభ సభ్యుడు. జీవితం మొత్తంలో ఒక్కసారే ఓడారు. 1940 ఫిబ్రవరి 2న సభలో లేచి చైనాతో యుద్ధం ఎందుకు చేస్తున్నాం, ఎప్పుడు ముగిస్తాం, ఇంతమంది ప్రాణాలకు ప్రతిఫలం ఏమిటి అని గంటన్నర సేపు నిలదీశారు. స్పీకరు ఆ ప్రసంగంలో అధికభాగాన్ని రికార్డులనుంచి తీసేయించారు. మార్చి 7న సభ ఆయన్ని బహిష్కరించింది. బహిష్కరణకు వ్యతిరేకంగా ఓటేసినవారు ఏడుగురే. ఆ ఏడాదే పార్టీలన్నీ రద్దయ్యాయి. 1942 ఎన్నికల్లో ప్రభుత్వం మెచ్చిన అభ్యర్థుల జాబితా ఒకటి తయారైంది. అందులో పేరు లేనివారికి అధికారుల ఆటంకాలే దిక్కు. సైతో పేరు అందులో లేదు. తజిమా రైతులు బ్యాలెట్టు మీద ఆయన పేరే రాశారు. హ్యోగో అయిదో జిల్లాలో అందరికంటే ఎక్కువ ఓట్లు ఆయనకే వచ్చాయి.